గ్యారంటీ గడువు తీరిన తరువాత కొనుగోలుదారుకు మిగిలే హక్కులు

పేర్ణాంబట్టు పరిసర గ్రామాల తెలుగు కుటుంబాలకు అంగడి ఒకే రాష్ట్రంలో లేదు. మిక్సీ గుడియాత్తంలో కొంటారు, బోరుబావి మోటారు ఘాట్ ఎక్కి వెంకటగిరికోటలో కొంటారు, ఫ్రిజ్ రాయవేలూరు నుంచి వస్తుంది, బెంగళూరులో పనిచేసే కొడుకు పండుగకు టీవీ తెస్తాడు. వస్తువు పనిచేసినంత కాలం ఈ ఏర్పాటులో ఇబ్బంది ఏమీ లేదు. గ్యారంటీ గడువు ముగిసిన రెండు నెలలకు అది ఆగిపోయినప్పుడే చిక్కు మొదలవుతుంది. దుకాణదారుడు కార్డు తిప్పి తేదీ చూసి, "గడువు తీరిపోయింది, ఇక మాకు సంబంధం లేదు" అంటాడు. కొన్నవారు సాధారణంగా తలవంచుకుని తిరిగివస్తారు. ఆ మాటలో సగమే నిజమున్నది.

గ్యారంటీ కార్డు అనేది తయారీ సంస్థ తనంతట తానుగా ఇచ్చే వాగ్దానం. ఫలానా కాలంలో చెడిపోతే ఉచితంగా బాగుచేస్తామనో, మార్చి ఇస్తామనో దాని సారాంశం. గ్యారంటీ అంటే మార్చి ఇవ్వడం, వారంటీ అంటే బాగుచేయడం అని అంగళ్లలో చెప్పే తేడాకు చట్టంలో ఆధారం లేదు. కార్డు మీద ఏమి వ్రాసి ఉన్నదో అదే లెక్క. గడువు తీరితే ఆ వాగ్దానం తీరుతుంది. అయితే అమ్మిన సరుకు సరియైనదై ఉండాలన్న బాధ్యత ఆ కార్డు వల్ల పుట్టినది కాదు. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, వ్యాపారి వద్ద కొన్న వస్తువు వర్తకానికి తగిన నాణ్యతతో ఉండాలి. కొనేటప్పుడు పరిశీలించినా కంటికి కనిపించని లోపానికి కొనుగోలుదారుని తప్పుపట్టడానికి వీలులేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా "లోపం" అన్న పదాన్ని నిర్వచించేటప్పుడు గ్యారంటీ గడువును ప్రస్తావించదు.

ఐరోపా సమాఖ్య దేశాలలో కంపెనీ కార్డుతో నిమిత్తం లేకుండా కనీసం రెండేండ్ల చట్టబద్ధమైన హామీ ఉన్నది. ఈ సంగతిని కొనుగోలుదారులకు సరిగా తెలియజేయలేదని 2011లో ఇటలీ ప్రభుత్వ సంస్థ ఆపిల్ కంపెనీకి 9 లక్షల యూరోల జరిమానా విధించింది. మన దేశంలో అటువంటి నిర్దిష్టమైన సంవత్సరాల లెక్క లేదు. అందువల్ల ఇక్కడ ప్రతి ఫిర్యాదూ దాని సాక్ష్యం మీదనే నిలబడాలి.

సాక్ష్యం దృష్ట్యా చూస్తే అన్నిటికంటె బలమైనది, గడువులోపలే మొదలైన లోపం. ఫ్రిజ్ ఎనిమిదవ నెలలో ఒకసారి, పదవ నెలలో ఒకసారి ఆగి, మెకానిక్ వచ్చి తాత్కాలికంగా సరిచేసి పోయి, పదమూడవ నెలలో పూర్తిగా ఆగిపోయినదనుకుందాం. ఇది గడువు తీరిన తరువాత వచ్చిన లోపం కాదు, గడువులోపల తీరని లోపం. దీనిని రుజువు చేసేది మెకానిక్ వచ్చినప్పుడు వ్రాసే జాబ్ షీటు. గ్రామాలలో ఎక్కువమంది దానిని అడిగి పుచ్చుకోరు. ఫోనులో చెప్పి, మనిషి వచ్చి వెళితే చాలుననుకుంటారు. కంపెనీకి ఫోను చేసినప్పుడు వచ్చే ఫిర్యాదు సంఖ్య గల మెసేజినైనా తుడిచివేయకుండా ఉంచుకోవాలి.

రెండవది, తయారీలోనే దాగి ఉండి ఆలస్యంగా బయటపడిన లోపం. ఇక్కడ నిరూపించే భారం కొనుగోలుదారు మీద ఉంటుంది. వాడకం వల్ల వచ్చిన అరుగుదల, విద్యుత్తు హెచ్చుతగ్గుల వల్ల కాలిన కాయిలు, నీరు లేని బోరులో తిరిగి చెడిన మోటారు తయారీ లోపాలు కావు. అది లోపమో కాదో పరీక్షించకుండా తేల్చలేని పక్షంలో జిల్లా కమిషన్ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. దాని రుసుము ఫిర్యాదుదారుడు ముందుగా చెల్లించవలసి రావచ్చు. ఈ కారణం చేతనే, వివాదం నడిచేటట్లుంటే వస్తువును వీధి మెకానిక్ చేత విప్పించరాదు. విప్పిన తరువాత లోపం ఎవరిదని తేల్చడం ఎవరి తరమూ కాదు.

మూడవదానిని చాలామంది హక్కుగానే గుర్తించరు. గడువు తీరిన తరువాత డబ్బు చెల్లించి బాగుచేయించిన పని కూడా చట్టం దృష్టిలో ఒక సేవ. సర్వీసు సెంటరు పన్నెండు వందలు పుచ్చుకుని, వారం లోపల అదే లోపం తిరిగి వస్తే, అది సేవాలోపం. దీనికీ పాత గ్యారంటీకీ సంబంధమే లేదు. కాబట్టి మరమ్మతుకు బిల్లు తీసుకోవాలి, మార్చిన భాగం పేరు అందులో వ్రాయించాలి. పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవడం ఇంకా మంచిది. బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

కార్డును పూర్తిగా చదవనందువల్ల పోయే హక్కులు కూడా ఉన్నవి. ఫ్రిజ్ మొత్తానికి ఒక ఏడాది అని పెద్ద అక్షరాలలో ఉండి, కంప్రెసరుకు అంతకంటె ఎన్నో ఏండ్లని క్రింద చిన్న అక్షరాలలో ఉండడం కద్దు. గ్రైండరు మోటారుకూ, వాషింగ్ మెషిను మోటారుకూ ఇటువంటి విడి గడువులు ఉంటవి.

ఇక ప్రెషర్ కుక్కర్ పేలడం, గీజరు షాకు కొట్టడం వంటివి వేరు తరగతి. వస్తువు లోపం వల్ల మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా, ఇతర ఆస్తి నష్టమైనా 2019 చట్టం ఆరవ అధ్యాయం తయారీదారుని బాధ్యుని చేస్తుంది. కార్డు మీది తేదీతో ఈ బాధ్యత తీరదు.

సరిహద్దు కుటుంబాలకు అన్నిటికంటె పెద్ద మేలు చట్టంలోని మరొక చోట ఉన్నది. 1986 నాటి పాత చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాలంటే ఎదుటి పక్షం ఉన్న చోటికో, కొనుగోలు జరిగిన చోటికో పోవలసివచ్చేది. వెంకటగిరికోటలో కొన్న మోటారుకు చిత్తూరు, బెంగళూరులో కొన్న టీవీకి బెంగళూరు. రెండు పూటల కూలి పోగొట్టుకుని బస్సులు మారి వెళ్లేకంటె వస్తువును మూలన పడవేయడమే నయమని జనం అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన కొత్త చట్టం 34వ సెక్షన్, ఫిర్యాదుదారుడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చునని చెప్పింది. 2019లో వేలూరు జిల్లా మూడుగా విడిపోయినా పేర్ణాంబట్టు, గుడియాత్తం వేలూరు జిల్లాలోనే ఉన్నందున, ఈ ప్రాంతంవారికి వేలూరు జిల్లా కమిషన్ చాలును. పత్తలపల్లి చెక్‌పోస్టుకు అవతల కొన్నదైనా సరే. కొడుకు కొనిచ్చిన టీవీని అతని సమ్మతితో వాడుకునే తల్లిదండ్రులు కూడా చట్టం నిర్వచనంలో వినియోగదారులే.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించని వ్యవహారాలు జిల్లా కమిషన్ పరిధిలోనివి. 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఫిర్యాదును ఆన్‌లైనులో కూడా దాఖలు చేయవచ్చు. 2020లో వచ్చిన ఈ-దాఖిల్ తరువాత 2025 జనవరి 1న ఈ-జాగృతి ప్రారంభమైనది. అంతదూరం పోకముందు 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు తెలుగులోనే ఫోను చేసి చెప్పవచ్చు. అక్కడివారు తీర్పు చెప్పరు, కంపెనీతో మాట్లాడి పరిష్కారానికి ప్రయత్నిస్తారు.

గడువు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేండ్ల లోపల దాఖలు చేయాలి. దుకాణం చుట్టూ తిరగడం, ఉత్తరాలు వ్రాయడం ఈ రెండేండ్లను పొడిగించవు. మూడు నెలలలో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అయిదు నెలలలో తేల్చాలని చట్టం చెబుతున్నది. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ పట్టడం మామూలే. ఎనిమిది వందల మిక్సీ కోసం ఇంత దూరం పోవచ్చునా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసినది. అటువంటి చోట 1915తో ఆగడమే తెలివి.

పేర్ణాంబట్టులో ఇంటివద్దనే చెప్పుల పైభాగాలు కుట్టి బ్రతికేవారికి ఒక సందేహం ఉండవచ్చు: కుట్టుమిషను వ్యాపారానికి కొన్నది కదా, దానికి ఈ చట్టం వర్తిస్తుందా? లాభం కోసం నడిపే పెద్ద వ్యాపారానికి కొన్న యంత్రాలకు వర్తించదు. కేవలం తన జీవనోపాధికి, స్వయం ఉపాధిగా తానే నడుపుకునే మిషనుకు వర్తిస్తుంది. తానే పిండి రుబ్బుకుని ఇడ్లీ అమ్ముకునే ఆమె గ్రైండరు కూడా అంతే. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన పథకం క్రింద ఉచితంగా పంచిన మిక్సీ, గ్రైండర్, ఫ్యానుల సంగతి వేరు. వాటికి ఇంటివారు ధర చెల్లించలేదు గనుక ఈ చట్టపు దారి వారికి తెరిచి ఉండదు. కాని వాటిని డబ్బిచ్చి బాగుచేయించుకుంటే ఆ మరమ్మతుకు మాత్రం చేసినవాడే జవాబుదారి.