హైదరాబాద్ సంస్థానపు నోట్లు: ఖజానా నుంచి సేకర్తల చేతికి

బ్రిటిష్ పాలనాకాలంలో సొంత నాణేలు ముద్రించుకున్న స్వదేశీ సంస్థానాలు చాలానే ఉన్నాయి. దశాబ్దాల పాటు సొంత కాగితపు కరెన్సీని నడిపింది మాత్రం హైదరాబాద్ ఒక్కటే. 1918లో మొదలైన ఈ నోట్లు 1950ల్లో చెలామణీ నుంచి పూర్తిగా తప్పుకున్నాయి. ఇంత తక్కువ కాలంలోనే అవి రెండు ప్రపంచ యుద్ధాలను, ఒక రాజ్యం అస్తమయాన్ని చూశాయి. నేడు పాత నోట్ల సేకర్తలు వీటిని వెతికి పట్టుకోవడానికి ప్రధాన కారణం ఈ చరిత్రే.

కాగితపు నోటు రాకముందు నిజాం రాజ్యంలో ద్రవ్య వ్యవస్థ చాలా చిక్కుగా ఉండేది. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా టంకశాలలు పనిచేసేవి. ఒక్కో చోటి రూపాయిది ఒక్కో తూకం, ఒక్కో మారకం. దూరప్రాంతాలకు సొమ్ము పంపాలంటే సాహుకార్ల హుండీలే దిక్కు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ప్రభుత్వం హాలీ సిక్కా అనే రూపాయిని స్థిరపరిచింది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో చార్మినార్ బొమ్మతో యంత్రంపై అచ్చయిన రూపాయి వచ్చింది. దానిపక్కనే బ్రిటిష్ ఇండియా రూపాయి కూడా నడిచేది. జనం దాన్ని కల్దారు అనేవారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం.

సొంత నోట్లు జారీ చేయాలన్న కోరిక హైదరాబాద్‌కు ముందు నుంచీ ఉన్నా బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ పట్టు సడలించింది. లండన్‌లో వెండి ధర ఔన్సుకు 43 పెన్నీలు దాటేసరికి రూపాయి నాణెంలోని వెండి దాని ముఖవిలువను మించిపోయింది. జనం నాణేలను దాచుకోవడమో కరిగించడమో మొదలుపెట్టారు. భారత ప్రభుత్వం 1917 నవంబరు 30న తొలిసారి ఒక రూపాయి నోటు తెచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, భారతదేశానికి వెండి అందేలా చూసింది. యుద్ధానికి హైదరాబాద్ అందించిన సాయం కూడా తోడవడంతో సంస్థానానికి అనుమతి దొరికింది. అదే ఏడు హైదరాబాద్ కరెన్సీ చట్టం కింద 10, 100 రూపాయల నోట్లు వెలువడ్డాయి. ఈ కరెన్సీకి ఉస్మానియా సిక్కా అని పేరు పెట్టారు. 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో 1000 రూపాయల నోటు వచ్చాయి.

నోటుపై ప్రధాన లిపి ఉర్దూ. విలువను మాత్రం ఇంగ్లిషుతో పాటు రాజ్యప్రజల భాషలైన తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ అచ్చువేశారు. తొలినాటి నోట్ల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 591 కలిపితే దాదాపుగా క్రీస్తుశకం వస్తుంది. ఆ లెక్కన 1327 ఫసలీ అంటే సుమారు 1918.

తొలి నోట్లు ఇంగ్లండులో అచ్చయి ఓడల్లో వచ్చేవి. సేకర్తలు ఎక్కువగా చెప్పుకునే ఘట్టం ఆ ఓడ ప్రయాణాల్లోనిదే. 1922 మే 20న, లండన్ నుంచి బొంబాయికి బయలుదేరిన ‘ఈజిప్ట్’ అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర పొగమంచులో ‘సేన్’ అనే మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. బంగారం, వెండితో పాటు హైదరాబాద్‌కు రావలసిన, ఇంకా సంతకం పడని నోట్లు కూడా సముద్రం పాలయ్యాయి. ‘ఆర్టిగ్లియో’ ఓడకు చెందిన ఇటాలియన్ గజ ఈతగాళ్ల బృందం 1930లో శిథిలాన్ని గుర్తించింది. 120 మీటర్లకు మించిన లోతు నుంచి తర్వాతి సంవత్సరాల్లో బంగారంతో పాటు కొన్ని నోట్లనూ పైకి తెచ్చింది. సంతకం లేనందున వాటికి డబ్బుగా విలువ లేదు. ఉప్పునీటి మరకలతో మిగిలిన ఆ నోట్లు నేడు సేకర్తలకు అపురూపమైనవి. నాసిక్‌లో ప్రభుత్వ ముద్రణాలయం ఏర్పడ్డాక హైదరాబాద్ నోట్ల ముద్రణ కూడా అక్కడికే మారింది.

తర్వాతి ముద్రణల్లో తేదీ లేని నోట్లు చాలా ఉన్నాయి. వాటి కాలాన్ని తేల్చేది ఆర్థిక శాఖాధిపతి సంతకమే. అందుకే హైదరాబాద్ నోట్లను సంతకాల వారీగా కూర్చుకోవడం సేకర్తల ఆనవాయితీ అయింది. అలా కూర్చితే ఉపఖండ చరిత్ర కళ్లముందు నిలుస్తుంది. అక్బర్ హైదరీ నోట్లపై ‘హైదర్ నవాజ్ జంగ్’ అన్న బిరుదుతో కనిపిస్తారు. గులాం మహమ్మద్ తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యారు. జాహిద్ హుస్సేన్ ఆ దేశపు కేంద్రబ్యాంకుకు తొలి గవర్నర్. మొయిన్ నవాజ్ జంగ్ 1948 సెప్టెంబరులో భద్రతా మండలికి వెళ్లిన హైదరాబాద్ ప్రతినిధి బృందానికి నాయకుడు. చివరి సంతకాల్లో ఒకటి బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలోని డాక్టర్ జి.ఎస్.మేల్కోటేది.

నోటు రాజ్యాధికారానికి గుర్తు అన్న సంగతి 1947 తర్వాత మరింత స్పష్టమైంది. భారత కరెన్సీ చెలామణీని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సుతో కట్టడి చేయడం ఢిల్లీతో తలెత్తిన ప్రధాన తగాదాల్లో ఒకటి. 1948 సెప్టెంబరు సైనిక చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1950లో భారత రూపాయి హాలీకి తోడుగా వచ్చింది. ఆ దశాబ్దంలోనే ఉస్మానియా సిక్కాను దశలవారీగా ఉపసంహరించారు.

ఖజానాకు తిరిగి చేరిన నోటు మళ్లీ బయటికి రాదు; రద్దయి నాశనమవుతుంది. కాబట్టి నేడు మిగిలినవి మార్చుకోవడం మరిచినవో, మార్చుకోలేకపోయినవో, జ్ఞాపకంగా దాచుకున్నవో మాత్రమే. 1000 రూపాయల నోటు అంత అరుదు కావడానికి కారణం కూడా ఇదే. అంత పెద్ద మొత్తాన్ని ఎవరూ పెట్టెలో వదిలేయరు. చిన్న విలువ నోట్లు ఎక్కువగా చేతులు మారి నలిగిపోవడంతో, మడత పడనివి దొరకడం కష్టం.

నాణేల సేకరణ చాలా పాతది. కాగితపు నోట్ల సేకరణ ప్రత్యేక శాఖగా నిలదొక్కుకున్నది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. 1961లో ఇంటర్నేషనల్ బ్యాంక్ నోట్ సొసైటీ ఏర్పడింది. జర్మన్ సేకర్త ఆల్బర్ట్ పిక్ ప్రపంచ నోట్లకు జాబితా తయారుచేసి సంఖ్యలిచ్చారు. హైదరాబాద్ నోట్లను వేలంపాటల్లో నేటికీ ఆ సంఖ్యలతోనే పేర్కొంటారు. భారతీయ నోట్లకు కిశోర్ ఝున్‌ఝున్‌వాలా, రెజ్వాన్ రజాక్ కూర్చిన మార్గదర్శి ప్రామాణిక గ్రంథమైంది. రిజర్వ్ బ్యాంకు 2004లో ముంబయిలో ద్రవ్య మ్యూజియం తెరిచింది. 2020లో బెంగళూరులో కేవలం కాగితపు డబ్బుకే రజాక్ ఒక మ్యూజియం నెలకొల్పారు.

నోటు విలువను నిర్ణయించేవి ప్రధానంగా మూడు: ఎన్ని మిగిలాయి, ఎవరి సంతకం ఉంది, కాగితం ఏ స్థితిలో ఉంది. పాతకాలంలో కట్టలను పిన్నులతో గుచ్చేవారు కనుక చిన్న రంధ్రాలు సహజమే. వాటిని పూడ్చే ప్రయత్నం చేయకూడదు. కడగడం, ఇస్త్రీ చేయడం, టేపు అంటించడం, లామినేషన్ చేయించడం నోటును శాశ్వతంగా పాడుచేస్తాయి. ఆమ్లం లేని కాగితంలోనో, పీవీసీ లేని ప్లాస్టిక్ కవరులోనో వెలుతురు, తేమ సోకకుండా ఉంచాలి.

తెలంగాణ, మరాఠ్వాడా, కల్యాణ కర్ణాటక ప్రాంతాల్లోని పాత ఇళ్లలో, పెట్టెల అడుగున, దస్తావేజుల మధ్య ఈ నోట్లు ఇంకా ఉండే అవకాశం ఉంది. దొరికిన నోటును ఉన్నదున్నట్టు భద్రపరచి, ఎక్కడ, ఎవరి ఇంట్లో దొరికిందో రాసిపెట్టి, తెలిసినవారికో మ్యూజియానికో చూపించడం ఆ కుటుంబాలు చరిత్రకు చేయగల మేలు.