ఆర్సీ బుక్కులో లేని పేరు

ముస్లిం అనగానే ఈ దేశానికి ముందు నవాబు గుర్తొస్తాడు. తర్వాత తల్వారు. ఆ తర్వాత బిర్యానీ. మా చేతిలో వున్న పానా మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఖమ్మంలో దిగి ఖిల్లా వైపు చూసేవాళ్ళే గానీ, రోడ్డు పక్క రేకుల షెడ్ల వైపు చూసేవాళ్ళు లేరు. అక్కణ్నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా, గోదావరి దాటి చింతూరు అడవి దాకా రోడ్డు పట్టుకుని పోండి. కాలిన ఆయిలు ఇంకి నల్లబడ్డ నేల మీద మా చరిత్ర కనిపిస్తుంది. దాన్ని చదవడానికి ఒక పాత డీజిలు కారు చాలు.

ముందు నవాబు కారు లెక్క తేల్చుకుందాం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఒకటి ప్రదర్శనకి వుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చాడు. బండి వచ్చేసరికి ఆయన లేడు. వెనక సీటు సింహాసనమే. అది తన జీవితంలో నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదంటారు. మా షెడ్లలో మళ్ళీ మళ్ళీ ప్రాణం పోసుకున్న అంబాసిడర్ ఆ పాటి దూరం ఒక్క శ్రీరామనవమి వారంలో తిరిగేది. "మీరు ఏలినోళ్ళు" అని మమ్మల్ని దెప్పేవాళ్ళు ఈ రెండు కార్ల మీటర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. మా తాతలు ఏ కారులో కూర్చున్నారో, ఏ కారు కింద పడుకున్నారో అప్పుడు తెలుస్తుంది.

మోటారు పని మాకు కులవృత్తిగా రాలేదు. చరిత్ర నెట్టితే వచ్చింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ పెట్టింది. తర్వాతి ఆర్టీసీకి అదే పునాది. నైజాం ఇలాఖాలో బండి నడపడం, బండి బాగుచేయడం కొలువులయ్యాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజాకార్ల దుర్మార్గాన్ని మేం దాచం. వాళ్ళని ఎదిరించి రాసి ఆ ఏడు ఆగస్టులో వాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయిన షోయబుల్లా ఖాన్ మావాడే. కానీ రజాకారు కానివాడికి కూడా శిక్ష పడింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి వుంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు.

బతికినవాళ్ళ సంగతేంటి? నిజాం సైన్యం రద్దయింది. ఆఫీసుల్లోంచి ఉర్దూ పోయింది. ఉర్దూలో అర్జీ రాసిన చేతులు ఖాళీ అయిపోయాయి. ఆ చేతులే రిక్షా హాండిలు పట్టుకున్నాయి, స్టీరింగు పట్టుకున్నాయి, పానా పట్టుకున్నాయి. ఇంజను ఏ భాష వచ్చని అడగదు. నీ వాళ్ళు ఎవరి వైపు వున్నారని అడగదు. బాగుచేస్తే నడుస్తుంది, చేయకపోతే ఆగిపోతుంది. అంత నిక్కచ్చి న్యాయం ఆ రోజుల్లో మాకు మరెక్కడా దొరకలేదు.

మా జిల్లాలో ఈ పనికి గిరాకీ రావడానికి ఇంకో కారణం వుంది. రైలు భద్రాచలం పోదు. భద్రాచలం రోడ్ అని స్టేషనుకి పేరు పెట్టారు గానీ ఆ స్టేషను కొత్తగూడెంలో వుంది. రాముడి గుడికి అక్కణ్నుంచి ఇంకా నలభై కిలోమీటర్లు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరి వంతెన ప్రారంభించేదాకా ఏరు దాటాలంటే పడవే. వంతెన వచ్చాక యాత్రికులొచ్చారు, టాక్సీలొచ్చాయి. స్టీరింగు ముందు రాముడి బొమ్మ, ఆ పక్కనే 786. ఓనరుది ఒకటి, డ్రైవరుది ఒకటి. తానీషా రామదాసుని చెరలో పెట్టిన కథ ఊరూరా చెప్తారు. అదే గుడికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని కూడా తానీషా పేరు మీదే చెప్పుకుంటారు. నవమికి పెళ్ళి చూడ్డానికి వచ్చిన ముసలమ్మని చెయ్యి పట్టి కారు దించిన సాయిబు కథ మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ టాక్సీలు ఎక్కడివి? కొత్తవి కొనే తాహతు మాకెక్కడిది! ఆఫీసర్లు ఎక్కి దిగి, కండెమ్ చేసి, వేలం పెట్టిన అంబాసిడర్లు. 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కి డీజిలు ఇంజను వచ్చింది. 1489 సీసీ, బలం నలభై గుర్రాలకి కూడా తక్కువ. ఘాట్ ఎక్కాలంటే ఆయాసపడేది. అయినా డీజిలు చవక, ఇంజను మొండిది. 1984లో అదే హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా తెచ్చింది. పొడుగు ముక్కు, వెడల్పు సీట్లు, మెత్తటి నడక. మా ఊళ్ళలో కాంట్రాక్టర్ల హోదా అంటే అదే. తర్వాత దానికి ఇసుజు డీజిలు ఇంజను పెట్టారు. దొర కొత్త బండికి మారగానే కాంటెస్సా మా షెడ్డు ముందుకి వచ్చేది. ఒకరి దర్పం ఇంకొకరి బతుకుదెరువు కావడం అంటే అదే.

పాత డీజిలు కొనడం ఒక విద్య. ఉస్తాద్ బేరానికి తెల్లవారుజామునే పోతాడు. రాత్రంతా చల్లబడ్డ ఇంజను అబద్ధం చెప్పదు. ముందే వేడి చేసి పెట్టిన బండిని ఆయన ముట్టడు. హీటర్ ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగి స్టార్టు చేస్తాడు. తెల్ల పొగ వస్తే డీజిలు సరిగా మండడం లేదు. నల్ల పొగ వస్తే నాజిల్సో, పంపో, గాలి ఫిల్టరో చూడాలి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది, రింగులు పోయాయి. ఆయిలు మూత తీసి చెయ్యి అడ్డం పెడతాడు. అరచేతికి గాలి కొడితే కంప్రెషన్ కిందికి జారుతోందన్నమాట. రేడియేటర్ నీళ్ళ మీద నూనె తెట్టు కడితే హెడ్ గాస్కెట్. తర్వాత అయస్కాంతం తీసి డోర్ల కింది అంచు వెంట జరుపుతాడు. అంటుకోని చోట రేకు లేదు, లప్పం వుంది. చివరికి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది చాసిస్ నంబరు ప్రింటు తీస్తాడు. దాన్ని ఆర్సీతో సరిచూస్తాడు. ఎందుకంటే దొంగబండి అని తేలితే పోలీసులు మొదట పట్టుకునేది అమ్మినవాణ్ని కాదు, సాయిబుని.

ఇక బాగుచేయడం. షెడ్డులో క్రేన్ వుండదు. వేపచెట్టు కొమ్మకి చైను కప్పీ కట్టి ఇంజను దించుతారు. బ్లాకు లేత్‌కి పోతుంది. సిలిండర్ బోరు అరిగితే ఓవర్‌సైజు పిస్టన్లు, అదీ దాటితే స్లీవులు. క్రాంకు గ్రైండింగు. వాల్వులకి పేస్టు పూసి సీటు మీద చేత్తో తిప్పి తిప్పి కూర్చోబెట్టడం కుర్రాళ్ళ పని. భుజాలు పడిపోతాయి. పంపు, నాజిల్స్ డీజిలు ల్యాబుకి పోతాయి. 1951లో బెంగుళూరులో పుట్టిన మైకో కంపెనీ పేరు మా వాళ్ళకి బళ్ళో నేర్పలేదు, ఆ పంపుల మీద చదివారు. అన్నీ బిగించాక లైనులో గాలి చొరబడి వుంటుంది. ప్రైమరు కొడుతూ, నట్టు వదులు చేస్తూ, బుడగలు పోయి చుక్క డీజిలు నిండుగా వచ్చేదాకా కొట్టాలి. అప్పుడు స్టార్టు. ఉస్తాద్ పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజను మీద, ఒక కొస చెవికి ఆనించి వింటాడు. ఏ టాపెట్ వదులో, ఏ బేరింగు ఏడుస్తోందో చెప్తాడు.

ఆ పని ఒక్కడిది కాదు. ఇంజను మిస్త్రీ, డెంటర్, పెయింటర్, ఎలక్ట్రీషియన్, సీట్లు కుట్టే కుషన్ పనివాడు మా గల్లీల వాళ్ళయితే, లేత్ మీద విశ్వబ్రాహ్మణ అన్న, టైర్ల కొట్లో మలయాళీ, వెల్డింగు దగ్గర మాదిగ తమ్ముడు. ఒక్క కారు లేచి నిలబడాలంటే ఇన్ని చేతులు కలవాలి. గంగా జమునా తెహజీబ్ అంటూ సభల్లో ఉపన్యాసాలు చెప్పేవాళ్ళు ఒకసారి వచ్చి ఈ షెడ్డులో చాయ్ తాగితే బాగుంటుంది. ఆ డీజిలు బట్టల్ని సోడా వేసి, బండకేసి బాదీ బాదీ చేతులు ఒరుసుకుపోయిన మా అమ్మల పనిని కూడా ఇందులో కలిపి లెక్కించాలి. వాళ్ళు షెడ్డు మొహం చూడలేదు. షెడ్డు రోజూ ఇంటికి వచ్చేది.

దీన్ని మేం ముద్దు చేయదలుచుకోలేదు. పదేళ్ళకే బడి మానేసి పానాలు అందించిన పిల్లలు మా ఇళ్ళల్లోనే వున్నారు. తిట్టూ దెబ్బా తిని నేర్చుకున్న చదువు అది. ఆ చదువుకి సర్టిఫికెట్ లేదు. పదో తరగతి లేనివాడికి ఐటీఐలో చాలా ట్రేడుల్లో సీటు ఎక్కడ? సొంత పని చేసుకుని బతికేవాళ్ళు పనిచేసే ముస్లింలలో 61 శాతమని, హిందువుల్లో 55 శాతమని 2006లో సచార్ కమిటీ చెప్పింది. సొంత పని అంటే వినడానికి దర్జాగా వుంటుంది. జీతం లేదు, పింఛను లేదు, జాకీ జారి కాలు విరిగితే దిక్కు లేదు అని దానికి అర్థం. 2007లో మన రాష్ట్రంలో బీసీ ఈ జాబితా వచ్చింది. అత్తరు సాయిబులు, తురక కాశలు, ఫకీర్లు, హజాంలు, గారడి సాయిబులు, షేక్‌లు అందులో వున్నారు. అడిగి, కొట్లాడి తెచ్చుకున్న జాబితా అది. అయితే అందులో మోటారు మిస్త్రీ అనే మాట లేదు. నలుగురు మనుమలు నలుగురు ఉస్తాద్‌లైనా సర్కారు మాత్రం వాళ్ళ ముత్తాత ఏం చేశాడని అడుగుతుంది.

అడవి అంచున ఈ బతుక్కి ఇంకో మడత వుంది. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఆ చట్టాన్ని మేం తప్పుపట్టం. కోయల, కొండరెడ్ల భూమి వాళ్ళకే దక్కాలి. అందుకే అక్కడికి పోయిన మా వాళ్ళ ఆస్తి నేల మీద లేదు, చక్రాల మీద వుంది. ఆ చక్రాలని అన్నలు ఆపారు, పోలీసులు ఆపారు, టేకు దుంగల కోసం ఫారెస్టు వాళ్ళు ఆపారు. అందరూ మొదట అడిగింది పేరు. పేరు చెప్పాక చూపు మారేది. ఆ తర్వాత అడిగేది కాగితాలు.

కాగితాలంటే మాకు భయం లేదు, అనుభవం వుంది. 1956 దాకా గోదావరికి ఇవతల బూర్గంపహాడ్ హైదరాబాద్ రాష్ట్రం. అవతల భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 1989 తర్వాత మా బండ్లకి ఏపీ 20 నంబర్లొచ్చాయి. 2014లో తెలంగాణ వచ్చి టీఎస్ 04 అయింది. అదే ఏడు పోలవరం కోసం చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడితే టీఎస్ 28. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పానా పట్టినవాడు వేపచెట్టు కింది నుంచి కదల్లేదు. రాష్ట్రాలూ జిల్లాలే ఆయన మీదుగా కదిలి వెళ్ళాయి. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, నువ్విక్కడి వాడివనడానికి రుజువేదని అడిగే రోజు వస్తుందేమోనని ఆయన కూడా భయపడ్డాడు.

ఇప్పుడు కాంటెస్సా లేదు, 2002లో ఆగిపోయింది. అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. 2015లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగొద్దన్నాక, అక్కడి ఖరీదైన కార్లు చవగ్గా అమ్ముడై ఎన్ఓసీ కాగితంతో మన దాకా వస్తున్నాయి. బెంజ్ కూడా వస్తుంది. ఆ ఇంజను తప్పొప్పులు చెప్పేది చెవి కాదు, స్కానరు. స్కానరు కొనడానికి డబ్బు కావాలి, దాన్ని చదవడానికి ఇంగ్లీషు కావాలి. ఉర్దూ పోయినప్పుడు ఖాళీ అయిన చేతులు ఇంజనుని ఆశ్రయించాయి. ఇప్పుడు ఇంజను కూడా భాష అడగడం మొదలుపెట్టింది. మా పిల్లలకి ఆ చదువు ఎవరు చెప్తారు?

పంక్చర్ వాలా అనేది ఉత్తరాదిన మా మీద తిట్టుగా నడుస్తోంది. వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి వుంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సిన పని వుండేది కాదని 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిస్సార్‌లో ప్రధాని అన్నారు. వక్ఫ్ లెక్కలు తేల్చాల్సిందే, మేమూ అడుగుతాం. కానీ పంక్చరు వేసే చెయ్యి సిగ్గుపడాల్సిన చెయ్యి కాదు. ఆ చేతికి బడి లేకుండా, బ్యాంకు అప్పు లేకుండా చేసినవాళ్ళు సిగ్గుపడాలి.

ఆర్సీ బుక్కు తెరవండి. ఓనరు పేరు వుంటుంది, తండ్రి పేరు వుంటుంది, ఇంజను నంబరు, చాసిస్ నంబరు, చివరికి రంగు కూడా వుంటుంది. బండిని మూడుసార్లు బతికించినవాడి పేరు రాయడానికి అందులో గడి లేదు. ఈ ప్రాంత చరిత్ర కూడా ఇన్నాళ్ళూ అట్లాగే రాశారు. ఏలినవాళ్ళ పేర్లు, కట్టించినవాళ్ళ పేర్లు, ఎక్కి ఊరేగినవాళ్ళ పేర్లు. బాగుచేసినవాళ్ళ గడి మేమే గీసుకుంటాం. షెడ్డు షెడ్డుకీ పోయి, బతికున్న ఉస్తాద్‌లని అడిగి, వాళ్ళ పేర్లూ వాళ్ళ ఉస్తాద్‌ల పేర్లూ రాసుకుందాం. వాళ్ళు వెళ్ళిపోయేలోపే రాసుకోవాలి.