కలం, జైలు, గ్రంథాలయం

సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన బడిలోని ఇనుప బీరువా. దాని తాళంచెవి తెలుగు సారు జేబులో ఉండేది. శనివారం చివరి పీరియడ్‌లో బీరువా తెరిస్తే పాత కాగితం వాసన గదంతా నిండేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకం. మాధవరం దాటి లోకం ఉందని మాకు మొదట చెప్పింది బస్సు కాదు, ఆ బీరువానే.

పల్లెటూరి పిల్లల చేతికి పుస్తకం ఊరికే రాలేదు. దాని వెనుక మన సీమ మనిషి ఒకరున్నారు. ఆయన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1883లో కర్నూలులో పుట్టారు. అప్పట్లో మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలుతో కలిశాం. అయినా ఆయన మనవారే.

గాడిచర్ల ఎం.ఏ. చదివి, ఉపాధ్యాయుడు కావాలని రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆ ఊరు వచ్చి ఉపన్యసించారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. వారికి ముందు నిలిచిన గాడిచర్లను కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. బడిపంతులు కావలసిన మనిషికి సర్కారు కొలువు తలుపు అలా మూసుకుపోయింది.

మరుసటి ఏడాదే ఆయన బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపారు. తిరునల్వేలి కాల్పులను ఖండిస్తూ అందులో వచ్చిన వ్యాసం రాజద్రోహమైంది. మొదట పడిన ఆరు నెలల శిక్షను హైకోర్టు మూడేళ్ళకు పెంచింది. ఒక్క వ్యాసానికి మూడేళ్ళ జైలు! తెలుగునాట తొలి రాజకీయ ఖైదీగా ఆయన్ను చెప్పుకుంటారు.

రాత వల్ల ఇంత నష్టపోయినవాడు కలం పక్కన పెట్టేసినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన పెట్టలేదు. పైగా ఇంకో పని నెత్తికెత్తుకున్నారు. రాసేవాడు ఎంత తెగించి రాసినా, చదివేవాడు లేకపోతే ఆ రాత ఎవరికి? అందుకేనేమో, జీవితంలో పెద్ద భాగం గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ ఇచ్చారు. 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘంలో అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వారితో కలిసి పనిచేశారు, ఏళ్ళ తరబడి అధ్యక్షులుగా ఉన్నారు. ఆ ఉద్యమకారులు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో కూడా పుస్తకాలు తిప్పారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. పన్ను మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో గ్రంథాలయాలు నడిపే పద్ధతి దానితో మొదలైంది. గాడిచర్ల 1960లో కన్నుమూశారు.

నేను గొప్ప రచయితను కాను. పెళ్ళిపత్రికలు, అర్జీలు, అప్పుడప్పుడు పత్రికకు ఒక ఉత్తరం, ఇదే నా రచన. అయినా రాసిన ప్రతిసారీ ఆ బీరువాకు బాకీ తీరుస్తున్నట్టు ఉంటుంది. చదువుకున్నదే కదా చేతిలోంచి తిరిగి వచ్చేది.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, మన వైపు వానలు తప్పితే ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి అమ్మానాన్నలతో పిల్లలూ పోతారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు సాగిపోయి ఉంటాయి. కొందరు మళ్ళీ బడి మెట్టెక్కరు. బీరువాలో పుస్తకం క్షేమంగా ఉంటుంది, చదవాల్సిన పిల్ల మాత్రం చేనులో ఉంటుంది.

కాబట్టి పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఈ పండుగ గుర్తుగా శిలాఫలకం వేయించినా వేయించకపోయినా, తలా కొన్ని కథల పుస్తకాలు బడికి ఇద్దాం. సార్లకూ, మేడమ్‌లకూ ఇంకో మనవి: సుగ్గికి పోయే పిల్లల మూటలో ఒక పుస్తకం పెట్టి పంపండి. చిరిగితే చిరగనీండి, పోతే పోనీండి. తాళం వేసిన బీరువాలో ఉండే కొత్త పుస్తకం కంటే, మిరప చేను గట్టు మీద నలిగిన పుస్తకమే మేలు.