పాత జీపు - కొత్త ఇంజను

మన పెద్దలలో జీపు నెరుగనివారు అరుదు. కలెక్టరుగారి క్యాంపు వచ్చినా, ఎన్నికల ప్రచారం వచ్చినా, కొండమీది తోటకు పోవలసి వచ్చినా ఆ రోజుల్లో గుర్తుకు వచ్చేది జీపే. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకం ప్రారంభమైన తరువాత ‘బ్లాకు జీపు’ అన్న మాట పల్లెపల్లెకూ పాకింది. అటువంటి బండిని వేలంపాటలో కొని ఇంటికి తెచ్చుకున్నవారు మన కుటుంబాలలోనూ లేకపోలేదు. దానిని చూపించి “ఇది మా తాతగారి నాటిది” అని గర్వంగా చెప్పుకొంటాము. కాని బానెట్ ఎత్తి చూస్తే లోపలి ఇంజను తాతగారి నాటిది కాదని తరచుగా తేలుతుంది. ఇది మోసమేమీ కాదు. ఇంజనులు మార్చుకొంటూ రావడమే జీపు చరిత్ర అని మనవి చేయడానికే ఈ వ్యాసం.

1940లో యూరపులో యుద్ధం చెలరేగుతుండగా అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ శక్తి అందే తేలికపాటి బండి ఒకటి కావాలని కంపెనీలను కోరింది. మొదటి నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు మాత్రమే. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులో బండిని తయారుచేసి చూపింది. దాని వెంట విల్లీస్, ఫోర్డు కంపెనీలు తమ నమూనాలను తెచ్చాయి. వీటిలో విల్లీసుకు గెలుపు సంపాదించినది దాని ఇంజను. విచిత్రమేమిటంటే అది సరికొత్త ఇంజను కాదు. 1920ల నాటి చిన్న కారు ఇంజనును, 48 అశ్వశక్తి ఇచ్చేదానిని, బార్నీ రూస్ అనే ఇంజనీరు సానబట్టి 60 అశ్వశక్తికి తెచ్చాడు. అయితే దాని మూలంగా బండి బరువు సైన్యం విధించిన హద్దు దాటింది. రూస్ ఇంజనును వదులుకోలేదు. బోల్టులలో మిగులు పొడవును కోయించాడు, రంగుపూతను పలుచన చేయించాడు, అవుసులు లెక్కబెట్టి బరువు తగ్గించాడు. ఇంజను కోసం తక్కిన బండి సర్దుకొనడం ఆనాడే మొదలైంది.

యుద్ధం ముగిసిన తరువాత జీపు సేద్యానికీ సరుకులకూ దిగింది. శక్తి చాలదనే మాట వినవచ్చింది. పాత ఇంజనులో గాలి పోయే వాల్వులు, పొగ వెళ్లే వాల్వులు రెండూ సిలిండరు ప్రక్కనే ఉండేవి. 1950లో వచ్చిన ‘హరికేన్’ ఇంజనులో గాలి పోయే వాల్వులను పైకెత్తి సిలిండరు తలమీద పెట్టారు. వాల్వు పెద్దదైంది, ఊపిరి సుఖంగా ఆడింది, సిలిండరు కొలత అదే ఉన్నా శక్తి 70 అశ్వశక్తి దాటింది. కాని వాల్వులు పైకి వెళ్లడంతో ఇంజను ఎత్తు పెరిగింది, పాత జీపు బానెట్ క్రింద పట్టలేదు. 1953లో విల్లీసువారు చేసిన ఉపాయం అతి సామాన్యమైనది. తక్కిన బండిని దాదాపు అట్లాగే ఉంచి, బానెట్‌ను, ముందరి జాలిని మాత్రం ఎత్తు చేశారు. సీజే-3బీ అన్న పేరుతో వచ్చిన ఆ బండే మన దేశంలో అందరూ ఎరిగిన ఎత్తు ముఖం జీపు. మనం జీపు ముఖమని గుర్తుపట్టే ఆ రూపం, ఇంజను ఎత్తుకు తగినట్లు కుట్టిన చొక్కా అన్నమాట.

ఇక మన దేశానికి వద్దాము. 1945లో స్థాపితమైన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీలో భాగస్వామి అయిన గులాం మొహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తాను ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపుల కూర్పు మొదలైంది. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వచ్చిన కామాఠీ పనివారి పేరిట వెలసిన కామాఠిపుర అక్కడికి కొద్ది దూరమే. అమెరికాలో సీజే-3బీ తయారీ 1968లో ఆగినా, ఇక్కడ మాత్రం ఆ రూపం దశాబ్దాల పాటు సాగింది.

రూపం సాగినా ఇంజను సాగలేదు. 1973-74లో ముడిచమురు ధర కొద్ది నెలలలోనే సుమారు నాలుగింతలైంది. పెట్రోలు జీపును నడపడం ఏనుగును మేపడంతో సమానమైంది. మహీంద్రావారికి 1963 నుండి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ల వ్యాపారంలో భాగం ఉండేది. ఆ ట్రాక్టరు డీజిలు ఇంజనును జీపులో అమర్చారు. తరువాత 1979లో ఫ్రాన్సుకు చెందిన పెజో కంపెనీ నుండి ఎక్స్‌డీపీ 4.90 అనే డీజిలు ఇంజను తయారీకి లైసెన్సు తీసుకొన్నారు. అందులో నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల వెడల్పు, మొత్తం 2,112 ఘన సెంటీమీటర్లు. ఇది చూచి పాత పెట్రోలు జీపులు గలవారు కూడా మెకానిక్కుల వద్దకు పోయి డీజిలు ఇంజనులు పెట్టించుకొన్నారు.

ఈ పని బయటినుండి కనిపించినంత సులువు కాదు. డీజిలు ఇంజను బరువైనది, కాబట్టి ముందరి స్ప్రింగు పట్టాలను గట్టిపరచాలి. గాలిని ఇరవై రెట్లు నొక్కి ఆ వేడితోనే మంట పుట్టించే ఇంజను గనుక మొదటి చుట్టు తిప్పడానికి బలమైన స్టార్టరు, బ్యాటరీ కావాలి. పాత గేరుబాక్సుకు కొత్త ఇంజను అతకాలంటే నడుమ ఒక పలక కోయించాలి. దాని రంధ్రాలు వెంట్రుకవాసి తప్పినా క్లచ్చి, బేరింగులు త్వరలోనే పాడవుతాయి. పెట్రోలు ఇంజను పీల్చే శూన్యంతో ఆడే వైపరుకు డీజిలులో ఆ శూన్యం దొరకదు. అన్నిటికంటె ముఖ్యమైనది ఇరుసులోని పళ్ల లెక్క. సీజే-3బీలో చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసు లోపలికి వచ్చే దండం 5.38 చుట్లు తిరగాలి. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగే పెట్రోలు ఇంజనుకు అది తగినది. రెండు వేల దరిదాపులలో పనిచేయడానికి పుట్టిన ట్రాక్టరు ఇంజనుకు అదే లెక్క ఉంచితే బండి కొండ ఎక్కుతుంది గాని రోడ్డుమీద ఎడ్లబండికి పోటీ అవుతుంది. పోనీ వేగం కోసం పళ్ల లెక్క మార్చి, శక్తిగల ఇంజను పెట్టి, బ్రేకులు మాత్రం పాతవే ఉంచితే ప్రాణానికే ముప్పు.

మరొక సంగతి. ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రంలో ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. అధికారుల అనుమతి లేకుండా ఇంజను మార్చినవారు, దురదృష్టవశాత్తు ప్రమాదం జరిగితే, బీమా సొమ్ము విషయంలో చిక్కులో పడతారు. మెకానిక్కు వద్దకు పోకముందే రవాణా కార్యాలయంలో విచారించడం మంచిది. తాతగారి జ్ఞాపకమని ఉంచుకొన్న బండి మనుమలను కోర్టుల చుట్టూ త్రిప్పరాదు గదా!

ఎనభై ఏళ్లు దాటిన ఈ చరిత్రలో జీపు ఇంజనును మార్చుకొన్న ప్రతిసారీ ఏదో ఒకటి ఇచ్చుకోవలసి వచ్చింది. మొదట బోల్టుల పొడవు, తరువాత బానెట్ ఎత్తు, ఆ తరువాత ఇరుసులోని పళ్లు. ఇవ్వవలసినది ఇచ్చిన బండ్లు నడిచాయి, ఇవ్వనివి షెడ్డులో తుప్పుపట్టాయి. పరాయి ప్రాంతానికి వచ్చి, అక్కడి పనికీ పలుకుకూ తగినట్లు సర్దుకొని, అయినా ఇంటిలో తెలుగును నిలుపుకొన్న మన కుటుంబాలకు ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. ఈ ఉగాదికి ఊరికి వెళ్లినవారు షెడ్డులోని పాత జీపు బానెట్ ఒకసారి ఎత్తి, ఇంజను నంబరును పత్రంలోని నంబరుతో సరిచూచుకొందురు గాక.