కొవ్వొత్తిని కొరుక్కుతిన్న కథ

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు హైదరాబాదొచ్చింది. రెండో తరగతి. దాన్ని నవ్విద్దామని ఓ పాత ట్రిక్కు చేశా. అరటిపండు ముక్కని నిలబెట్టి, పైన బాదంపప్పు చీలిక గుచ్చి అంటించా. అచ్చం కొవ్వొత్తే! కాసేపు వెలగనిచ్చి, ఆర్పి, చల్లారాక కసుక్కున కొరికేశా. (బాదంపప్పు బరువులో దాదాపు సగం నూనే, అందుకే వత్తిలా మండుతుంది. అరటిపండుది వట్టి వేషం.) పడీపడీ నవ్వుతుందనుకుంటే, "అసలు మామూలు కొవ్వొత్తి ఎందుకు తినకూడదు మావయ్యా?" అంది.

మైనం కదా అనబోయి ఆగిపోయా. కొవ్వు, వత్తి. పేరులోనే ఉంది! ఇప్పుడు కొట్లో దొరికేది ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్. కోడ్ మొత్తం మార్చేసి వేరియబుల్ పేరు మాత్రం వదిలేసినట్టు, పాత పేరే మిగిలిపోయింది.

ఒకప్పుడు యూరప్‌లో సామాన్యుడి కొవ్వొత్తి అంటే ఆవు కొవ్వో, గొర్రె కొవ్వో. తేనెమైనం చర్చిలకీ, డబ్బున్నవాళ్ళకీ. ఎలుకలు తినేస్తాయని కొవ్వొత్తుల్ని రేకుపెట్టెల్లో పెట్టి గోడకి తగిలించేవాళ్ళు. వంటింట్లో తినేదీ, రాత్రికి వెలిగించేదీ ఒకటే సరుకన్నమాట.

ఇక్కడ సర్కారు దిగింది. 1709లో బ్రిటన్ కొవ్వొత్తుల మీద పన్ను వేసింది. లైసెన్సు తీసుకుని పన్ను కడితే తప్ప, తన ఇంట్లో తన కొవ్వుతో కొవ్వొత్తి చేసుకోవడం కూడా నేరమే. ఇది 1831 దాకా నడిచింది. ఒక్క రష్ దీపాలకి మాత్రం మినహాయింపు. రష్ అంటే మన తుంగలాంటి మొక్క. దాని పుల్లని ఒలిచి, పంది మాంసం వండగా తేలిన కొవ్వులో ముంచి వెలిగించేవాళ్ళు.

గిల్బర్ట్ వైట్ అనే మతగురువు సెల్బోర్న్ అనే పల్లెటూరి గురించి 1789లో వేసిన పుస్తకంలో దీని లెక్కంతా ఉంది. మనిషి నాలాంటివాడే, టైమ్ కూడా చూశాడు. రెండడుగుల నాలుగున్నర అంగుళాల పుల్ల 57 నిమిషాలు వెలిగిందట. ఒక ఫార్దింగుకి, అంటే పావు పెన్నీకి, అయిదున్నర గంటల వెలుతురు. అదే అర పెన్నీ పెట్టి కొన్న కొవ్వొత్తి, గాలి దూరే పూరిళ్ళలో రెండు గంటలకి మించి రాదు. అంటే అంతకి అయిదున్నర రెట్లు ఖరీదు. అయినా మరీ పేదవాళ్ళు కొవ్వొత్తే కొంటున్నారని, వాళ్ళకి పొదుపు తెలీదని ఆయన విసుక్కున్నాడు.

ఈ విసుగు నాకు నచ్చలేదు. కొవ్వు మిగలాలంటే ముందు కుండలో మాంసం ఉండాలి కదండీ. నెల సరుకులు ఒకేసారి కొనలేక రోజూ పావుకిలో లెక్కన తెచ్చుకునే ఇంటి లెక్కే ఇది. ఎక్కువ కట్టేది ఎప్పుడూ వాళ్ళే.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తా. ఫ్రాన్సులో షెవ్రూల్ కొవ్వుని విడగొట్టి, అందులో గట్టిగా ఉండే స్టియరిక్ ఆమ్లంతో కొవ్వొత్తులు చేయడానికి గే-లుసాక్‌తో కలిసి 1825లో పేటెంట్ తీసుకున్నాడు. వాసన తగ్గింది, వెలుగు పెరిగింది. 1850ల నుంచి పారఫిన్ వచ్చిపడింది. దాంతో కొవ్వొత్తికీ వంటింటికీ సంబంధం తెగినట్టే. కానీ 1837లో ఒక కొవ్వొత్తుల వ్యాపారీ, ఒక సబ్బుల వ్యాపారీ కలిసి పెట్టిన ప్రాక్టర్ అండ్ గాంబుల్, 1911లో పత్తిగింజల నూనెని గట్టిపరిచి క్రిస్కో పేరుతో వంటకొవ్వు అమ్మింది. మన డాల్డాకి అక్క లాంటిది. అందులో వత్తి దిగేస్తే చక్కగా వెలుగుతుంది. వత్తీ పత్తిదే, కొవ్వూ పత్తిదే!

ఇదంతా ఫోన్‌లో ఉత్సాహంగా చెప్తుంటే అమ్మ మధ్యలోనే ఆపింది. "ఇది తెలుసుకోడానికి ఇంజనీరింగ్ చదవాలా? శ్రావణ శనివారం పిండిదీపం ఏటా తిన్నావుగా. నాలుగేళ్ళయింది, ఒక్కసారైనా ఆ రోజుకి వచ్చావా?"

నిజమే, మర్చేపోయా. శ్రావణంలో సెలవు దొరకలేదు గానీ, వీడియో కాల్‌లో అమ్మ తిడుతూ చెప్తుంటే నేనే చేశా. నానబెట్టిన బియ్యం తడిపిండి, బెల్లం, కాస్త నెయ్యి కలిపి ముద్ద చేసి, మధ్యలో గుంట నొక్కి, నెయ్యి పోసి వత్తి వేశా. మొదటిసారి పిండి జారిపోయింది. రెండోది నిలబడింది. వైట్ గారిలా టైమర్ పెట్టా: 34 నిమిషాలు. దీపం కొండెక్కాక రూమ్మేట్లకి తలో ముక్కా పెట్టా. అడుగున నెయ్యి ఇంకిన ముక్క మాత్రం ఎవరికీ పెట్టకుండా నేనే తినేశా.