షక్‌కు వజా చెప్పాలా, వద్దా?

పోలీసుకు షక్ వస్తే చాలా? ఆ షక్‌కు వజా కూడా చెప్పాలా? అమెరికా అదాలత్‌లలో ఈ సవాలు యాభై ఏళ్లు దాటినా నలుగుతూనే ఉంది. మన పిల్లలు చదువులకూ నౌకరీలకూ వెళ్తున్న ముల్క్ అది. ఈ దాస్తాన్ మన ఇళ్లలోనూ తెలిసి ఉండాలి.

1963 అక్టోబరు 31, క్లీవ్‌లాండ్ నగరం. మార్టిన్ మెక్‌ఫాడెన్ అనే డిటెక్టివ్ మామూలు బట్టల్లో బజారులో తిరుగుతున్నాడు. నౌకరీలో 39 ఏళ్ల తజ్రుబా ఉన్న మనిషి. ఇద్దరు నల్లజాతి యువకులు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి ఒకే దుకాణం అద్దంలోకి తొంగిచూసి రావడం, మాట్లాడుకోవడం, మళ్లీ వెళ్లడం గమనించాడు. ఇద్దరూ కలిసి డజను సార్లు దాకా అలా తిరిగారు. దోపిడీకి తయారవుతున్నారనుకున్నాడు. దగ్గరికి వెళ్లి పేర్లు అడిగాడు. జవాబు సరిగా రాలేదు. బట్టల పైనుంచి తడిమితే ఇద్దరి దగ్గరా పిస్తోళ్లు దొరికాయి. వారిలో ఒకరి పేరు జాన్ టెర్రీ.

అప్పటిదాకా తలాషీకి గట్టి ఆధారం కావాలన్నది ఉసూలు. 1968 జూన్ 10న టెర్రీ కేసులో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా కొత్త ఫైసలా ఇచ్చింది. ఆపి పైపైన తడమడానికి అంతకంటే తక్కువైన 'సహేతుకమైన అనుమానం' చాలంది. షరతులు కూడా పెట్టింది. కళ్లారా చూసిందేమిటో పోలీసు మాటల్లో చెప్పగలగాలి. 'నాకెందుకో అనిపించింది' అంటే కుదరదు. తడమడం ఆయుధం కోసమే. నల్లవారిని పోలీసులు వేధిస్తున్నారన్న ఫిర్యాదు సంగతి చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ ఫైసలాలోనే ఒప్పుకున్నారు. వ్యతిరేకించిన ఏకైక జడ్జి విలియం డగ్లస్. జడ్జికి కూడా లేని ఇఖ్తియార్ పోలీసు చేతికి ఇస్తున్నారని ఆయన ఏతరాజ్.

ఆ తర్వాత షరతులు ఒకసారి బిగిశాయి, ఒకసారి సడలాయి. మత్తుమందులు అమ్మే గల్లీలో ఉన్నంత మాత్రాన షక్ పనికిరాదని 1979లో బ్రౌన్ కేసులో చెప్పారు. ఎడ్వర్డ్ లాసన్ అనే నల్లజాతి వ్యక్తిని కాలినడకన తిరుగుతున్నాడని కాలిఫోర్నియాలో రెండేళ్లలోపే 15 సార్లు దాకా పట్టుకున్నారు. అడిగితే నమ్మదగిన గుర్తింపు చూపాలన్న అక్కడి ఖానూన్ మరీ అస్పష్టంగా ఉందని 1983లో కొట్టేశారు. కానీ 2000లో వార్డ్‌లో కేసులో, నేరాలు ఎక్కువున్న మొహల్లాలో పోలీసును చూసి పరిగెత్తితే ఆపవచ్చని ఐదుగురు, నలుగురిగా చీలి తీర్పిచ్చారు. భయంతో పరిగెత్తే బేకసూర్ ఉండడా అన్నది మిగతా నలుగురి ఫికర్.

న్యూయార్క్‌లో ఏమైందో చూడండి. 2004 జనవరి నుంచి 2012 జూన్ దాకా పోలీసులు 44 లక్షల సార్లు మనుషులను ఆపారు. 80 శాతానికి పైగా నల్లవారు, హిస్పానిక్‌లు. సగానికి పైగా సార్లు తడిమారు. తడిమిన వాటిలో ఆయుధం దొరికింది 1.5 శాతం. ఆపిన వాటిలో 88 శాతం కేసుల్లో అరెస్టు లేదు, సమన్లు లేవు. మెక్‌ఫాడెన్ తను చూసింది అదాలత్‌లో నోటితో చెప్పాడు. ఇక్కడ షక్ అంటే ఫారం మీద 'అనుమానాస్పద కదలిక' అన్న గడిలో టిక్కు. 2013 ఆగస్టు 12న జడ్జి షిరా షెయిండ్లిన్ ఫ్లాయిడ్ కేసులో ఈ తరీఖా రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆపడాన్ని రద్దు చేయలేదు. పద్ధతి మార్చమని, నిఘాకు ఒక మానిటర్‌ను పెట్టమని హుకుం ఇచ్చారు.

మన దగ్గరా ఇదే మస్‌అలా. వారంటు లేకుండా అరెస్టు చేయడానికి సహేతుకమైన అనుమానం అన్న మాట మన ఖానూన్‌లోనూ ఉంది. అరెస్టు చేసే ఇఖ్తియార్ ఉండటం వేరు, దాన్ని వాడినందుకు వజా చూపడం వేరు అని 1994లో జోగిందర్ కుమార్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ పోలీసులు తనను ఆపి మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారంటూ ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఆయన అడిగింది కూడా ఇదే: ఏ షక్ మీద?

ఆ సవాలు అడగడం గుస్తాఖీ కాదని పిల్లలకు చెప్పండి. చేతులు కనబడేలా ఉంచి, పరిగెత్తకుండా, అదబ్‌గా అడగమనండి: 'నన్ను ఎందుకు ఆపారు? నేను వెళ్లవచ్చా?'