బల్లమీది లేసు: వరంగల్ ప్రాంత సంఘాల్లో చేతి అల్లిక – ఒక చారిత్రక పరిశీలన

తెలుగు క్రైస్తవ సంఘ చరిత్ర రాయడానికి పూనుకున్నవారు సాధారణంగా బాప్తిస్మపు రిజిస్టర్లను, మిషను నివేదికలను, దేవాలయాల పునాదిరాళ్లను వెదకుతారు. మేమూ అదే చేస్తూ వచ్చాము. అయితే వరంగల్, హనుమకొండ, కాజీపేట సంఘాల్లో ప్రతి ఆదివారం మన కళ్లెదుటే ఉండే మరొక ఆధారం ఉంది. అది ప్రభురాత్రి భోజనపు బల్లమీద గంజిపెట్టి ఇస్త్రీ చేసి పరచిన తెల్లని గుడ్డ, దాని అంచున వేలాడే లేసు. పునాదిరాయిమీద బిషప్పుగారి పేరు ఉంటుంది. లేసుమీద ఎవరి పేరూ ఉండదు.

ఈ అల్లిక వరంగల్‌లో పుట్టినది కాదు. దాని మూలాలకోసం గోదావరి డెల్టాకు వెళ్లాలి. 1830ల చివరిలో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురంలో సువార్త పరిచర్య ప్రారంభించారు. ఆ ప్రాంతంలో లేసు అల్లికను నేర్పినవారు స్కాట్లాండునుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులని సంప్రదాయంగా చెబుతారు. మొదట నేర్చుకున్నవారు క్రీస్తును అంగీకరించిన పేద కుటుంబాల స్త్రీలు. గోదావరి ఎగువన, సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కేన్ కోయలమధ్య పనిచేసిన దుమ్ముగూడెంలోకూడ ఈ పని మిషను ఆవరణలోనే వేళ్లూనింది.

అక్కడినుండి ఇటువైపు రావడానికి దారి చూపినది దోర్నకల్ అధ్యక్ష మండలమని మా అభిప్రాయం. వి. ఎస్. అజరయ్యగారు 1912లో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. తరువాత ఆయన మండలం విస్తరించి నిజాము రాజ్యంలోని గ్రామాలను, మద్రాసు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలను ఒకే పరిచర్యలోకి తెచ్చింది. 2016వరకు వరంగల్ జిల్లాలోనే ఉన్న దోర్నకల్, బెజవాడ రైలుమార్గంమీద ఉంది. కోస్తానుండి ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, కాపరుల భార్యలుగా వచ్చిన స్త్రీలు తమ పెట్టెలో బైబిలుతోపాటు లేసు సూదినికూడ తెచ్చుకుని ఉంటారు. అది బరువైన వస్తువు కాదు గదా!

ఆ పని ఎలా సాగుతుందో తెలియని విద్యార్థులకోసం ఒక మాట. స్వెటరు అల్లడానికి రెండు సూదులు కావాలి. లేసుకు కొన వంచిన ఒకే సూది, ఒకే నూలు దారం చాలు. మొదట గొలుసు వేసి, ఆ గొలుసులోనుండి దారాన్ని లాగుతూ వరుసమీద వరుస పెంచుతారు. పొరపాటు జరిగితే కొస పట్టి లాగితే తప్పు పోయిన చోటువరకు విడిపోతుంది, మళ్లీ అల్లవచ్చు. పాత లేసు ముక్కను ఒడిలో పెట్టుకొని రంధ్రాలు లెక్కపెట్టి డిజైను ఎత్తుకోవచ్చు గనుక చదువు రానివారికీ ఇది అందింది. గళ్ల అల్లికలో ఇంగ్లీషు అక్షరాలు సులువుగా పడతాయి. మన తెలుగు అక్షరాల గుండ్రదనం గళ్లలో ఒదగడం కష్టం. తెలుగు సంఘంలోని బల్లగుడ్డమీద ఇంగ్లీషు మాట కనిపిస్తే అది దొరల భాషమీది మోజు అని తొందరపడి అనకూడదని మేము కోరుతున్నాము.

స్త్రీల మైత్రి కూడిక ముగిశాక పదినిమిషాలు ఎవరూ లేవరు. సంచుల్లోనుండి దారపు ఉండలు బయటికి వస్తాయి. “ఇది ఎట్ల తిప్పినవ్ అక్కా?” అని ఒకామె అడుగుతుంది. ఇంకొకామె తాను అల్లినది విప్పి చూపిస్తుంది. పుట్టబోయే మనవడికి ఊలు టోపీ (మన వరంగల్ చలి రెండు నెలలకు మించదు, అయినా టోపీ తప్పదు), కొత్త కోడలి దిండుగలీబుకు అంచు, బల్లకు క్రిస్మసు గుడ్డ. ఎవరికోసమో ముందే తెలుసు. కూర్చినది మొత్తంగా కళ్లముందు పూర్తవుతుంది. ఈ అల్లికలోని సంతోషానికి ఈ రెండే కారణాలని మేము తలుస్తున్నాము.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివరిలో నరసాపురం ప్రాంతంలో పరిశోధించి, 1982లో లేసు స్త్రీలపై పుస్తకం ప్రచురించారు. రోజుకు ఆరునుండి ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి సగటున అర రూపాయికి కొంచెం ఎక్కువ మాత్రమే దక్కుతున్నట్లు ఆమె చూపించారు. లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవారు గృహిణులుగానే లెక్కకు వచ్చారు. వారి శ్రమకు “తీరిక వేళల పని” అని పేరు. ఈ పేరును పెంచి పోషించినవారిలో మిషను పెద్దలుకూడ ఉన్నారని ఒప్పుకోవలసి ఉంటుంది. ఇంట్లో కూర్చుని చేతులు ఖాళీగా ఉంచకుండుట సద్గుణమని వారు బోధించారు. వ్యాపారి ఆ సద్గుణాన్నే చౌక కూలిగా మార్చుకున్నాడు.

కాబట్టి అల్లికలోని ఆనందం గురించి మాట్లాడడమే దోపిడీని కప్పిపుచ్చడమని కొందరు సోదరులు వాదిస్తారు. మేము అంతదూరం వెళ్లలేము. మీస్ గారి వివరణలోనే జవాబు దొరుకుతుంది. ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లుతుంది. వాటిని కలిపే అతుకుపని వేరొకరిది. పువ్వులల్లిన ఆమె పూర్తి బల్లగుడ్డను చూడకపోవచ్చు. దాన్ని ఏ దేశంలో ఎవరు పరచుకుంటారో ఆమెకు తెలియదు. సూది అదే, దారం అదే. స్త్రీల మైత్రిలో ఉన్న రెండు విషయాలు మాత్రం ఇక్కడ లేవు. తీరిక అనే మాట అబద్ధం కావచ్చు గాని, ఆ పదినిమిషాల నవ్వు అబద్ధం కాదు.

వరంగల్‌కు ఇటువంటి అనుభవం పాతదే. ఇక్కడి తివాచీలు 1851లో లండను మహా ప్రదర్శనకు వెళ్లాయి. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది, నరసాపురం లేసుకు 2024లో వచ్చింది. గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. నేసిన మనిషి పేరు దానిలో ఉండదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే విధవరాండ్రు పేతురు ఎదుట దొర్కా కుట్టిన బట్టలను చూపిస్తారు. ఈ భాగంపై మన ప్రసంగాలు దాదాపు అన్నీ పునరుత్థానపు అద్భుతంవైపు పరుగెత్తుతాయి. ఆ స్త్రీలు చేస్తున్నది సాక్ష్యమివ్వడం. వారి చేతుల్లో నివేదిక లేదు, బట్టలున్నాయి. ఎవరు కుట్టారో, ఎవరికి కుట్టారో వారికి తెలుసు, అందుకే ఆమె పేరు లేఖనంలో నిలిచింది. నిర్గమకాండము 35లో గుడారానికి నూలు వడికిన స్త్రీల నైపుణ్యం ప్రస్తావించబడింది గాని, పేర్లు బెసలేలుకు, అహోలీయాబుకు మాత్రమే దక్కాయి.

సంఘ చరిత్రలు సేకరించే విద్యార్థులకు మా అనుభవంలోనుండి ఒక సూచన. బల్లగుడ్డ పాతబడి చిరిగితే మన స్త్రీలు లేసును పారవేయరు. జాగ్రత్తగా విప్పి కొత్త గుడ్డకు కుడతారు. అందుచేత గుడ్డను చూసి లేసు వయస్సు నిర్ణయించకూడదు. అంచును తిరగవేసి, పాత కుట్టు గుర్తులున్నాయేమో చూడండి. తరువాత ఆ సంఘంలో వయస్సులో అందరికంటె పెద్దదైన అమ్మగారిని వెదకి, ఆ లేసును ఆమె చేతికివ్వండి. ప్రశ్నల పట్టిక ఇంకా తీయవద్దు. ఆమె ముందు రంధ్రాలు లెక్కపెడుతుంది.